నాలుగు దెబ్బల ఖాళీ

ఆ చోటు రాగానే ఒళ్లు జలదరిస్తోందని యూట్యూబులో పాట కింద ఎవరెవరో రాస్తుంటారు. మూడో చరణం అయిపోయి నాలుగోది ఎత్తుకునే ముందు, డ్రమ్ములు పైనుంచి కిందికి దొర్లుకుంటూ వచ్చే చోటు. నాలుగు దెబ్బల కాలం, మహా అయితే మూడు సెకన్లు. దానికి నిప్పు బొమ్మలు, చప్పట్ల బొమ్మలు పెడతారు. ‘డ్రమ్మర్ ఎవరు బ్రదర్?’ అని అడిగినవాళ్లూ ఉన్నారు. డ్రమ్మరూ లేడు, బ్రదరూ లేడు. ఉదయగిరిలో మా ఇంటి వెనక గదిలో కూర్చుని నేనే మౌసుతో చేశాను. ఆ మెచ్చుకోళ్లు చదివినప్పుడల్లా చెంప పగలగొట్టాలనిపిస్తుంది. వాళ్లది కాదు, నాది.

నా పేరు సుజన. ఒక ప్రైవేటు బడిలో ఎనిమిదో తరగతి నుంచి పది దాకా లెక్కలు చెబుతాను. మా ఆయన జోసెఫ్ ఆర్టీసీలో కండక్టరు. ఆయన నెల్లూరు బస్సు మీద ఉన్న రోజుల్లో, బడి వదిలాక నాకు మిగిలే రెండు గంటలూ ఆ వెనక గదిలోనే. గోడలకు మేకులు కొట్టి పాత బొంతలు వేలాడదీశాను. ఒక లాప్‌టాప్, ఒక మైకు, ఒక చిన్న కీబోర్డు, హెడ్‌ఫోన్లు, ఇదీ నా స్టూడియో. చుట్టుపక్కల సంఘాల వాళ్లు పాట రాసుకుని వస్తే ట్రాక్ చేసి, పాడించి పంపుతాను. పక్కనే చెక్క గరిటెలు, చెంచాలు చేసే షెడ్డు ఉంది. వాళ్ల మిషను తిరుగుతున్నంతసేపూ మైకు పెట్టడానికి లేదు. గొంతులు రికార్డు చేయాలంటే వాళ్లు సాయంత్రం టీకి లేవాలి. డ్రమ్ములకు ఆ బాధ లేదు, అవి కంప్యూటర్లోనే పుడతాయి.

ఆ సంగతి తెలియనివాళ్లకు చెబుతాను. సాఫ్ట్‌వేర్ తెరవగానే డ్రమ్మర్ల బొమ్మలు వరసగా వస్తాయి. ఒకడికి గడ్డం, ఒకడికి టోపీ, అందరికీ పరాయి దేశపు పేర్లు. ఒకడి మీద నొక్కితే వాడు వాయించడం మొదలుపెడతాడు. పక్కన ఒక చదరం, అందులో ఒక చుక్క. చుక్కను పైకి లాగితే గట్టిగా వాయిస్తాడు, కిందికి లాగితే మెల్లగా. ఎడమకు లాగితే బుద్ధిగా తాళం వేస్తాడు, కుడికి లాగితే తన ప్రతాపమంతా చూపిస్తాడు. ఒక చరణం నుంచి ఇంకో చరణానికి పోయే మధ్యలో, దెబ్బలు దొర్లించుకుంటూ వచ్చే రోల్ వెయ్యమంటే వేస్తాడు. మరీ మిషను వాయించినట్టుందనిపిస్తే దానికీ ఒక మీట ఉంది. దాన్ని తిప్పితే మనిషిలాగా దెబ్బలు కాస్త అటూ ఇటూ తప్పుతాడు. అలగడు, టీ అడగడు, రిహార్సలుకు ఆలస్యంగా రాడు. తప్పులు కూడా మీట తిప్పితే వచ్చేటప్పుడు ఇంక మనుషులతో పనేముంది అని మొదట్లో నవ్వుకునేదాన్ని.

మా నాయన డేవిడ్‌రాజు అలిగేవాడు, టీ అడిగేవాడు. గోడలు కట్టే బేల్దారి పని చేసుకుంటూ ఆదివారం చర్చిలో డోలక్ వాయించేవాడు. ఆత్మకూరు నుంచి సోమశిల పోయే దారిలో మా కాలనీ. డ్యాము కట్టినప్పుడు నీళ్లలో పోయిన ఊళ్లలో మాదీ ఒకటి. అక్కడి నుంచి లేచొచ్చినవాళ్లంతా ఆ కాలనీలో ఇళ్లు వేసుకుని ఒక చర్చి కట్టుకున్నారు. నేను పుట్టింది కాలనీలోనే. పాత ఊరు ఎలా ఉండేదని ఎంత అడిగినా నాయన నోరు విప్పేవాడు కాదు. “ఊరేందమ్మా, ఊరు. నీళ్లుండాయి, పోయి చూసుకో,” అనేవాడు.

ఆ సంఘానికి సొంత పాట ఒకటి ఉంది. పాత ఊళ్లో ఎవరో పంతులు కట్టింది, ఏ పుస్తకంలోనూ లేదు. నాలుగు చరణాలు. ఆరాధన చివర అందరూ లేచి నిలబడి పాడతారు. మూడో చరణం కాగానే నాయన డోలక్ ఆపేసేవాడు. ఎడమ చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయేది. నాలుగు దెబ్బల కాలం చర్చిలో చడీచప్పుడు ఉండేది కాదు. తర్వాత ఏమీ జరగనట్టు మళ్లీ అందుకునేవాడు. “మీ నాయన మళ్లా మర్చిపొయినాడే,” అని పక్క పిల్లలు నన్ను మోచేత్తో పొడిచేవాళ్లు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

“నాయనా, ఆడ ఎందుకు ఆగతావు?”

“ఆడ ఆగాల.”

“అదే, ఎందుకు?”

“ఆగాలమ్మా, అంతే.”

ఆరో తరగతికి నన్ను నెల్లూరులో హాస్టల్లో వేశారు. అక్కడ మాకు పాటలు నేర్పిన టీచరమ్మ చేతిలో స్కేలు పట్టుకుని లెక్క పెట్టించేది. ఒకటి రెండు మూడు నాలుగు, ఒకటి రెండు మూడు నాలుగు. దెబ్బ తప్పితే పాట చచ్చినట్టే అనేది. నేను ఆ మాట నమ్మాను. సెలవులకు వచ్చి, నాయన చెయ్యి గాల్లో ఆగడం చూసినప్పుడల్లా నాకు తల కొట్టేసినట్టుండేది. చదువు లేని మనిషి, నేర్పినవాడు తప్పు నేర్పితే తప్పే నేర్చుకున్నాడు, ఇంక మారడు అనుకున్నాను. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, అలాగే అనుకున్నాను.

పోయిన వేసవిలో నాయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. మిగిలింది ‘అది’ అనే ఒక్క మాట. నీళ్లు కావాలన్నా అది, కడుపులో నొప్పన్నా అది. మా చైత్ర బడి నుంచి వస్తే సంతోషంతో అదీ అదీ అంటాడు. చైత్ర నా కూతురు, నాలుగో తరగతి. మా అమ్మ పోయి చాలా ఏళ్లయింది. కాలనీలో చూసేవాళ్లు లేక నాయనను ఉదయగిరికి తెచ్చుకున్నాను. అక్కడ చర్చిలో డోలక్ ఆగిపోయింది. వారం వారం చప్పట్లతోనే నెట్టుకొచ్చారు.

అక్టోబరులో అయ్యగారు ఫోన్ చేశారు. మా పాస్టరు కావలి వైపు మనిషి, కాలనీకి వచ్చి మూడేళ్లయింది.

“అమ్మా సుజనా, వచ్చే నెల సంఘం వార్షికోత్సవం. మన పాటకు నువ్వే ట్రాక్ చేసియ్యాలమ్మా. డేవిడ్‌రాజు గారు ఇంక వాయించలేరు గదా.”

ఆ మాటకు ఏడుపొచ్చింది. వెంటనే ఒక పట్టుదలా వచ్చింది. వాడెవడో గడ్డంవాడి వాయింపు మా చర్చిలో ఎందుకు మోగాలి? నాయన వాయింపునే కంప్యూటర్లోకి ఎక్కిస్తాను. ఆయన చెయ్యి పడిపోయినా ఆయన డోలక్ మాత్రం ఆగకూడదు. నాకు కావాల్సింది అదొక్కటే.

మర్నాడే నాయనను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీతో సహా వెనక గదిలోకి లాక్కొచ్చాను. డోలక్‌కు ఎడమ వైపు గుమ్మని మోగుతుంది, కుడి వైపు కణకణమంటుంది. నాయనకు మిగిలింది గుమ్మనే చెయ్యి. నేను పాట పాడుతుంటే ఆయన ఎడమ అరచేత్తో తొడ మీద తాళం వేశాడు. పక్క షెడ్డు మిషను ఆగినప్పుడు దాన్ని రికార్డు చేసి, ఒక్కో దెబ్బ ఎక్కడ పడిందో తెర మీద చూసి, గడ్డంవాణ్ణి అక్కడికి లాగాను. వాడి డ్రమ్ముల హోరు తగ్గించి డోలక్ శబ్దాలు తగిలించాను. కుడి చేతి దెబ్బలు చిన్నప్పటి నుంచి విన్నవే, గుర్తు చేసుకుని నేనే వేశాను.

నాయన పాట పొడుగునా ఒకే వేగంతో వాయించడని అప్పుడు తెలిసింది. మొదటి చరణంలో నిమిషానికి డెబ్బై నాలుగు దెబ్బలు. ముసలమ్మలు రాగం సాగదీసే చోట డెబ్బైకి దిగి వాళ్ల కోసం కాచుకునేవాడు. రెండో చరణానికి డెబ్బై ఎనిమిది. నేను సాఫ్ట్‌వేర్‌లో వేగాన్ని వాక్యం వాక్యానికీ మార్చుకుంటూ పోయాను. కుదరకపోతే నాయన నాలుక చప్పరించి తల అడ్డంగా తిప్పేవాడు. కుదిరితే “అది!” అని తొడ చరిచేవాడు. పక్క షెడ్డులో మిషను గీపెట్టినా మాకు వినపడేది కాదు. నాలుగు రోజులు అలా గడిచాయి. నా నలభై ఏళ్లలో ఆయనతో అంత దగ్గరగా ఎప్పుడూ కూర్చోలేదు.

ఐదో రోజు మూడో చరణం చివరికి వచ్చాం. నాయన చెయ్యి గాల్లోకి లేచి ఆగింది.

“వాయించు నాయనా.”

చెయ్యి కదల్లేదు. నాలుగు దెబ్బల తర్వాత తొడ మీదికి దిగింది. మళ్లీ మొదటి నుంచి పాడాను. మళ్లీ అక్కడే లేచింది.

“నాయనా, ఆడ ఖాళీ వస్తాండాది. నీకు లెక్క తప్పతాండాది. చూడు, ఈడ, ఈ నాలుగు గళ్లూ ఖాళీ.”

తెర మీద వేలు పెట్టి చూపించాను. ఆయన తెర వైపు చూడలేదు, నా వైపే చూశాడు. ఖాళీలో రోల్ పెడదామని నేను మౌసు మీద చెయ్యి వేయగానే నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ చేతిలో ఇంకా అంత బలం ఉందనుకోలేదు. “అది! అది! అది!” అని అరిచాడు. మెడ నరాలు పొంగాయి, నోటి పక్క నుంచి చొంగ కారింది. తుడవబోతే మొహం తిప్పుకున్నాడు.

“సరే సరే, అరవబాక, బీపీ పెరగతాది,” అన్నాను, చంటిపిల్లలకు చెప్పినట్టు. ఆయన నాకు ఏదో చెబుతున్నాడని నాకు తట్టలేదు. లెక్కల టీచరును కదా, తప్పు ఎవరిదో ముందే తేల్చేసుకున్నాను.

మర్నాడు కుర్చీ తెస్తే మంచం పట్టె గట్టిగా పట్టుకుని కదలనన్నాడు. సరే, మిగిలింది నేనే చేసుకుంటానులే అనుకున్నాను. గదిలో ఒక్కదాన్నీ కూర్చుని ఆ నాలుగు గళ్లనూ చూశాను. ఇది యూట్యూబులో పెడతాను, ‘డోలక్: డేవిడ్‌రాజు’ అని పేరు వేస్తాను. వేలమంది వింటారు. ఆ ఖాళీ వినగానే ముసలాయనకు తాళం తెలియదనుకుంటారు. నవ్వుతారు. చిన్నప్పుడు ఆ నవ్వులు నేను పడ్డాను, ఈ వయసులో ఆయన పడకూడదు.

చుక్కను కుడి చివరికి లాగి, రోల్ మీటను పూర్తిగా తిప్పాను. గడ్డంవాడు ఎన్నాళ్ల నుంచో కాచుకున్నట్టు విజృంభించాడు. చిన్న డ్రమ్ము నుంచి పెద్ద డ్రమ్ము దాకా దొర్లించుకుంటూ వచ్చి, నాలుగో చరణం మొదటి అక్షరం మీద ధనామని దిగాడు. బాగుందా అంటే బాగుంది. గుమ్మంలో నిలబడి విన్న చైత్ర, “అమ్మా, సూపర్! మళ్లీ పెట్టు,” అంది. మూడోసారికి అది నోటితో డుగుడుగు డుగుడుగు డుమ్ అంటూ రెండు చేతుల్తో తొడల మీద వాయించేస్తోంది. నాయన పరువు నిలబెట్టానని ఆ సాయంత్రం నేను పడ్డ సంతోషం అంతా ఇంతా కాదు. ఆ రాత్రే నేనే పాడి, నాయన పేరు వేసి యూట్యూబులో పెట్టాను.

వార్షికోత్సవం రోజు నాయనను కారులో కాలనీకి తీసుకుపోయాం. ముందు వరస పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టారు. చర్చి నిండిపోయింది. లాప్‌టాప్, స్పీకర్లు చూసుకునే కుర్రాడు సందీప్. చివర్లో అందరూ లేచారు. సందీప్ ట్రాక్ మొదలుపెట్టాడు. మొదటి చరణంలో ముసలమ్మలు రాగం సాగదీసిన చోట డోలక్ వాళ్ల కోసం ఆగింది. వాళ్లు ఆశ్చర్యంగా నాయన చేతుల వైపు చూశారు. నా గుండె ఉప్పొంగిపోయింది.

మూడో చరణం అయింది. ముందు వరసలో రాహేలమ్మ అవ్వ కళ్లు మూసుకుంది. ఎనభై దాటిన మనిషి, పాత ఊరి నుంచి నడిచొచ్చినవాళ్లలో మిగిలిన కొద్దిమందిలో పెద్దది. ఆమె పక్కనున్న ముసలివాళ్లూ కళ్లు మూసుకున్నారు. నాయన ఎడమ చెయ్యి గాల్లోకి లేచింది. అప్పుడు పెద్ద స్పీకర్లలోంచి నా రోల్ వచ్చి వాళ్ల మీద పడింది. అవ్వ ఉలిక్కిపడి కుర్చీ పట్టుకుంది. వెనక కుర్రాళ్లు ఈలలు, చప్పట్లు. తేరుకుని నాలుగో చరణం ఎత్తుకునేలోపు ట్రాక్ ముందుకు వెళ్లిపోయింది. ముసలివాళ్లు అందుకోలేకపోయారు. పెదవులు కదుపుతూ ఉండిపోయారు. నాయన చెయ్యి పాట అయిపోయేదాకా దిగలేదు.

ఆరాధన అయ్యాక ప్రేమ విందు భోజనాల దగ్గర అందరూ నన్ను మెచ్చుకునేవాళ్లే. చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి పోతే రాహేలమ్మ అవ్వ నా కొంగు పట్టుకుని పక్కకు లాగింది.

“ఏందిమే అది? ఆడ ఏంది ఆ గోల?”

“రోలవ్వా. నాయన ఎప్పుడూ ఆడ మర్చిపోతాడు గదా, నేను సరిజేసినాను.”

“మర్చిపోతాడా?” అవ్వ నన్ను పైనుంచి కింది దాకా చూసింది. “నలభై యేండ్ల పైనుంచి ఒక్క ఆదివారం మర్చిపోకుండా ఆగినాడుమే మీ నాయన. ఆ చోటు ఎవరిదనుకున్నావు? గంటది.”

“ఏం గంటవ్వా?”

“పాత చర్చి గంట. కొట్టేది మా ఇంటాయన. మూడో చరణం కాంగానే నాలుగు దెబ్బలు. మంచాన పడినోళ్లు, గొర్రెలెంబడి పొయినోళ్లు, ఆ గంట ఇని ఏడుండేవాళ్లు ఆడే ఆమేన్ అనేవాళ్లు. వాళ్లను గూడా కలుపుకున్నాకనే నాలుగో చరణం.”

అవ్వ గొంతు తగ్గించింది.

“ఊరు ఖాళీ చెయ్యమన్నప్పుడు దూలాలు, తలుపులు, పెంకులు అన్నీ దించుకున్నాం. గంట దించే పని మీ నాయనకు అప్పజెప్పినారు. కుర్ర బేల్దారి, ఎత్తుకు భయం లేనోడు. రేపు దించతా, రేపు దించతా అన్నాడు. ఇంటి స్థలాలకు పేర్లు రాస్తాండారంటే ఆత్మకూరికి పొయినాడు. పైన వానలు పడి పెన్నకు నీళ్లొచ్చినాయి. వాడు తిరిగొచ్చేసరికి చర్చి కప్పు దాకా నీళ్లు. ఈదుకుంటా పోతానని దూకబోతే మా ఇంటాయనే వాటేసి పట్టుకున్నాడు. గంట ఆడే ఉండిపొయింది.”

నేను కుళాయి కట్టేశాను.

“ఈ చర్చిలో మొదటి ఆదివారం పాట ఎత్తుకున్నాం. మూడో చరణం అయింది. గంట లేదే అని ఒకరి మొకం ఒకరు చూసుకున్నాం. మీ నాయన చెయ్యి లేపి డోలక్ ఆపేసినాడు. గంటకు దాని చోటు ఇడిచిపెట్టినాడు. ఎవురూ చెప్పలా, ఎవురూ అడగలా. అప్పట్నించీ ఆ నాలుగు దెబ్బలూ మాకు ఇనపడతానే ఉండాయి. ఈ పొద్దు ఇనపడలా.”

“నాకొక్క మాట చెప్పకూడదా అవ్వా!”

“ఎట్లా చెప్పేది? గంట మాటెత్తితే, ఎవరు వదిలేసినారనే మాట వస్తాది. వాడి ముందర ఆ మాట రాకూడదని మాలో మేం అనుకున్నాం. పిల్లోళ్లకు గూడా చెప్పలా. నువ్వు గూడా చెప్పబాక, మైకులో అసలే చెప్పబాక. ఆ చోటు మాత్రం మళ్లా తెచ్చిపెట్టు, నీకు పుణ్యముంటాది.”

ఇంటికి వచ్చేదాకా కారులో నాయన కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు. పడిపోయిన చేతిని ఎడమ చేత్తో ఒళ్లో పెట్టుకున్నాడు. నన్ను ఎవరైనా తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. మాట ఉన్నప్పుడు చెప్పలేదు, చెప్పాలనుకున్నప్పుడు మాట లేదు, చేత్తో చెబితే నేను బీపీ అన్నాను.

ఇంటికి రాగానే లాప్‌టాప్ తెరిచాను. ఆ నాలుగు గళ్లను ఎంచి, తీసెయ్ అన్నాను. పోయాయి. రెండు సెకన్ల పని. హెడ్‌ఫోన్లు తీసుకెళ్లి మంచం మీదున్న నాయన చెవులకు పెట్టాను. మూడో చరణం కాగానే ఆయన చెయ్యి లేచింది. ఖాళీ వచ్చింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. చెయ్యి దిగి నా మణికట్టు మీదికి వచ్చింది. ఈసారి బిగించలేదు, ఊరికే పట్టుకుంది. “తప్పయిపొయింది నాయనా,” అన్నాను. “అది,” అన్నాడు, చాలా మెల్లగా. ఎంత ఏడ్చానో నాకే తెలియదు.

అంతటితో అయిపోయిందనుకున్నాను. కొత్త ఫైలు సందీప్‌కు పంపాను. యూట్యూబులో పాతది తీసేసి కొత్తది పెట్టాను. అప్పటికే పాతదాన్ని ఎవరెవరో దింపుకుని తమ ఛానెళ్లలో పెట్టుకున్నారు. ఆ రోల్ ముక్క ఒక్కటీ కత్తిరించి రీల్స్ చేశారు. ఒక పిల్లాడు గరిటెలతో బిందెల మీద వాయించిన రీల్‌కు వచ్చినన్ని లైకులు నేను చేసిన ఏ పాటకూ రాలేదు. అన్నిచోట్లా కింద మా నాయన పేరే.

తర్వాతి ఆదివారం సందీప్ ఫోన్ చేశాడు.

“అక్కా, నువ్వు పంపిన ఫైలు కరప్ట్ అయినట్టుండాది. మూడో చరణం కాడ సౌండు కట్ అయితాంది. పాతదే ఏసినాను.”

“కరప్ట్ గాదు సందీపా. ఆడ ఆగాల.”

“ఎందుకక్కా?”

నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పబాకన్న అవ్వ మాట గుర్తొచ్చింది.

“ఆగాల, అంతే.”

నేను నాయనను చూసిన చూపే ఆ కుర్రాడు ఫోనులో నన్ను చూస్తున్నాడని నాకు తెలుసు.

అయ్యగారిని అడిగాను. ఆయన మంచిమనిషి, విసుక్కోలేదు. “జనం సంతోషంగా చప్పట్లు కొట్టేదే ఆడ గదమ్మా. మర్రిపాడు నుంచి గూడా కుర్రోళ్లు ఆ పాట కోసమే వస్తాండారు. ఇప్పుడు దాన్ని తీసేస్తే ఎట్లా?” అన్నారు. నాలుగుసార్లు ఫోన్ చేశాను. క్రిస్మస్ హడావిడి అయ్యాక చూద్దామన్నారు. జనవరి చివర్లో ఒక్క వారానికి ఒప్పుకున్నారు. “మీ నాయనను తీసుకురామ్మా, ఆయన కోసమని వేస్తాం,” అన్నారు.

ఆ ఆదివారం నేను సందీప్ పక్కనే కూర్చున్నాను. ఫైలు పేరు రెండుసార్లు చూసుకున్నాను. ముందు వరస పక్కన నాయన కుర్చీ. ఆయనకు నేను ముందే చెప్పాను, ఈ పొద్దు గంటకు చోటుంటాది నాయనా అని. గంట అన్న మాట నా నోటి నుంచి వినడం ఆయనకు అదే మొదలు. చాలాసేపు నన్ను చూసి, పొద్దున్నే గడ్డం గీయించుకుని, తెల్ల చొక్కా వేయమని బీరువా వైపు చెయ్యి చూపించాడు. రాహేలమ్మ అవ్వకు వారం నుంచీ జ్వరం. అయినా మనవడి చెయ్యి పట్టుకుని వచ్చింది. వేదిక ముందు చాప మీద సండే స్కూల్ పిల్లలు, వాళ్ల మధ్యలో మా చైత్ర.

పాట మొదలైంది. మొదటి చరణం, రెండోది. మూడో చరణం ఆఖరి మాట మీద నాయన చెయ్యి లేచింది. అవ్వ కళ్లు మూసుకుంది. స్పీకర్లు ఆగిపోయాయి. అమ్మయ్య అనుకున్నాను.

ఆ అమ్మయ్య పూర్తయ్యేలోపు చాప మీది నుంచి మొదలైంది. డుగుడుగు డుగుడుగు. ముప్పైమంది పిల్లలు నోళ్లతో, అరచేతులతో, తొడల మీద, చాప మీద. రెండు నెలలుగా వారం వారం స్పీకరుతో పాటు వాయించిందే, ఇప్పుడు స్పీకరు లేకుండా వాయిస్తున్నారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. డుమ్. వెనక కుర్రాళ్లు విరగబడి నవ్వి, ఈలలు వేసి చప్పట్లు కొట్టారు. అయ్యగారు మైకులో హల్లెలూయా అన్నారు. సందీప్ నా వైపు తిరిగి, “చూడక్కా, పిల్లోళ్లకు గూడా తెలిసిపొయింది కట్ అయిందని,” అన్నాడు.

అవ్వ కళ్లు తెరవలేదు. నాయన చెయ్యి దించి, పడిపోయిన చేతి మీద పెట్టుకుని, చాప మీద పిల్లలను చూస్తూ కూర్చున్నాడు. వాళ్లను ఏమనగలడు? వాళ్లు తప్పేమీ చేయలేదు. నా దగ్గర ఏ మీటా లేదు. ఫైల్లోంచి తీసెయ్యడానికి రెండు సెకన్లు పట్టింది, ఆ నోళ్లలోంచి తీసెయ్యడం నా వల్ల కాదు.

అందరికంటే గట్టిగా వాయించింది మా చైత్రే. వాయించడం అయ్యాక తల తిప్పి నా కోసం వెతికింది, సరిగ్గా చేశానా అమ్మా అన్నట్టు. సరిగ్గానే చేసింది. ఒక్క దెబ్బ కూడా తప్పలేదు.